ప్రారంభ ప్రార్థన

“సిగ్గులేదూ నీకు?” కౌన్సిల్ హాలు గుమ్మంలోనే రోవీనా పాస్టరమ్మను నిలబెట్టేసింది ఒడెలియా. “మాట్లాడేవాళ్ళ జాబితాలో మన నల్లవాళ్ళ పేర్లన్నీ కొట్టేశారు. నీకు మాత్రం ప్రారంభ ప్రార్థన పడేశారు, కుక్కకి బొమిక పడేసినట్టు. కళ్ళకద్దుకుని తీసుకున్నావా?”

“ఇచ్చిందే చేద్దాం పెద్దమ్మా.”

“రెండో ఫ్యాక్టరీ కూడా వస్తే మన వాడలో ప్రార్థన చెయ్యడానికి మనుషులు మిగులుతారా? ఆడది పాస్టరేమిటని మగాళ్ళంతా ఎగిరిపడుతుంటే, నీకోసం వాళ్ళతో కొట్లాడాను చూడూ, నన్ను అనాలి!”

మొదటి ఫ్యాక్టరీ పొగ ఒడెలియా భర్త ఆల్సీడ్‌ను మూడేళ్ళ కిందట పొట్టనపెట్టుకుంది. ఆమె ఇక పాస్టరమ్మ మొహం చూడకుండా వెళ్ళి వెనక బల్ల మీద కూలబడింది.

సరిగ్గా రెండింటికి సభ మొదలైంది. ఛైర్మన్ గిడ్రీ నవ్వుతూ, “ముందు దేవుడి మాట. క్లుప్తంగా కానివ్వండి పాస్టరమ్మా” అన్నాడు. అందరూ లేచి తలలు వంచారు. నది ఒడ్డున ఆ ఊళ్ళలో ప్రార్థనకు అడ్డుపడ్డవాడు మళ్ళీ ఎన్నిక గెలిచిన దాఖలా లేదు.

పాస్టరమ్మ ముందు నదికోసం ప్రార్థించింది. తరవాత కట్టవార వాడలో ఇల్లిల్లూ ఎత్తుకుంది. ఏ ఇంట్లో ఎవరు పోయారు, ఏ జబ్బుతో పోయారు, ఏ పెరట్లో చెట్టు కాపు మానేసింది. ఆల్సీడ్ పేరు వినగానే ఒడెలియా పళ్ళు నూరింది. ‘నా మొగుణ్ణి వీళ్ళ కాళ్ళ ముందు పరుస్తోంది.’

పట్నం నుంచి వచ్చిన కంపెనీ లాయరు నిలవలేకపోతున్నాడు. రెండుసార్లు వెళ్ళి ఛైర్మన్ చెవిలో ఏదో ఊదబోయాడు.

“ప్రార్థన జరుగుతోంది, కనబడ్డంలేదూ?” గిడ్రీ బుసకొట్టాడు.

చచ్చినవాళ్ళ పేర్లు వినే ఓపిక కూడా లేదు ఈ లాయరు వెధవకి, అనుకుంది ఒడెలియా.

పోయినవాళ్ళు అయిపోయాక పాస్టరమ్మ కౌన్సిల్‌ను దీవించడం మొదలుపెట్టింది. ఒడెలియా తన చెవులను తనే నమ్మలేకపోయింది. గిడ్రీ మోకాళ్ళ నొప్పి, అతని భార్య కంటి ఆపరేషను, మనవరాలి పెళ్ళి. సభ్యుల ఆవులు, వేటకుక్కలు. ఆఖరికి కంపెనీ యజమానులు, వాళ్ళ పిల్లాజెల్లా.

“కుక్కలక్కూడా దీవెనలే!” పైకే అనేసింది ఒడెలియా. ముందువరసలో ఎవరో ‘ఉష్’ అన్నారు. ముసలివాళ్ళు కాళ్ళు లాగి ఒక్కొక్కరే కూర్చున్నారు.

చివరికి చిరిగిన గుడ్డలాంటి గొంతుతో “ఆమేన్” వినబడింది.

గిడ్రీ ఊపిరైనా తీసుకోలేదు. “రెండో ఫ్యాక్టరీ అనుమతికి ఒప్పుకునే సభ్యులు చేతులెత్తండి.”

ఏడుగురిలో ఆరు చేతులు లేచాయి. లాయరు ఎవరికీ కృతజ్ఞతలు చెప్పలేదు. సంచీ మూసుకుని గబగబా బయటికి నడిచాడు.

ఆవరణలో ఒడెలియా పాస్టరమ్మ మీద విరుచుకుపడింది. “చూశావా? నీ దీవెనలందుకున్న చేతులే లేచాయి! మూడున్నర గంటలు మమ్మల్ని నిలబెట్టి ఏం ఒరగబెట్టావు? ఆదివారం నువ్వు వేదికెక్కితే నేను చర్చి మెట్టెక్కను.”

చుట్టూ ఉన్నవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. ఒకరు నేలమీద ఉమ్మారు. పాస్టరమ్మ గోడకు ఆనుకుని, రెండు గుక్కలు నీళ్ళు తాగి, గొంతు పెగల్చుకుంది.

“వాళ్ళ దరఖాస్తుకి కౌన్సిల్ అనుమతి తెచ్చుకోడానికి సర్కారిచ్చిన గడువు ఇవాళ అయిదింటివరకే, పెద్దమ్మా.”