ఒక్కటే ఫెలోషిప్

ఇంటర్వ్యూ గది తలుపు తెరుచుకుని అమ్మ బయటికి వచ్చింది. తల్లీకూతుళ్లు కలిసే ఎమ్మెస్సీ చదివారు. పరిశోధనకు విశ్వవిద్యాలయం ఇచ్చేది ఒక్కటే ఫెలోషిప్; ఇద్దరూ దానికే దరఖాస్తు చేశారు.

"భయపడ్డావా అమ్మా?" అంటూ కూతురు మంచినీళ్లు అందించింది.

"నేనా? నాచు మొక్కల గురించి మొదలుపెడితే నన్ను ఆపడం వాళ్ల తరం కాలేదు."

"నా సంగతి అడిగారా?"

"అడిగారు. మీ అమ్మాయి కోసం వదులుకుంటారా అన్నారు."

"ఏమన్నావు?"

"వదులుకోనన్నాను."

ఇన్నాళ్లూ అమ్మ తనకు తోడుగా చదువుతోందనుకుంది కూతురు. కాదు, అమ్మ చదివింది అమ్మ కోసమే.

లోపల్నుంచి పిలుపు వచ్చింది.

"వెళ్లు. అమ్మనని మొహమాటపడకు" అంటూ అమ్మ ఆమె కాలర్ సర్దింది.

"మొహమాటమా? నీకు చుక్కలు చూపిస్తాను చూడు" అని నవ్వుతూ లోపలికి నడిచింది కూతురు.