కాకి చేసిన విచారణ

గానుగ పాకలో ఒక కట్టుబాటు ఉండేది. కాడి ఒరుసుకుని మెడ పుండైన ఎద్దు తన బాధ కాకికి చెప్పుకోవాలి. కాకి దాన్ని యజమాని చెవిన వేయాలి.

కొత్తగా వచ్చిన పుల్లెద్దుకు మెడ చిట్లింది. "కాకికి చెప్పుకుంటా తాతా," అంది.

మెడ నిండా ఎండిన బురదతో పడుకున్న ముసలి ఎద్దు కళ్లు తెరవకుండానే, "ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా? జాగ్రత్తరా అబ్బీ," అంది.

పుల్లెద్దుకూ అనుమానం లేకపోలేదు. మెతుకు రాలని ఆ పాకలో కాకి ఒక్కటే బాగా బలిసి ఉంది. అయినా నొప్పి ఆగనివ్వలేదు.

కబురు వినగానే కాకి మెడ మీద వాలింది. "ఎంత లోతుందో చూడాలిగా!" అంటూ పుండులో పొడిచింది. మర్నాడూ వచ్చింది.

"నిన్న చూశావుగా?" అంది పుల్లెద్దు.

"రోజూ చూడాలి. పుండు మానిపోతే నీ మాట ఎవరు నమ్ముతారు?" అని మళ్లీ పొడిచింది.

వారం తిరిగేసరికి పుండు గిట్టంత అయింది. "అయ్యగారికి చెప్పావా?" అని పుల్లెద్దు మూలిగింది.

"తొందరెందుకు? పుండు పెరిగేకొద్దీ నీ ఫిర్యాదు బలపడుతోంది," అంది కాకి, ముక్కు కాడికి తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం పుల్లెద్దు తొట్టి పక్క బురదలో పొర్లి, పుండు కనబడకుండా కప్పేసుకుంది. కాకి రాగానే, "నాకే బాధా లేదు," అంది. ముసలి ఎద్దు కాస్త జరిగి పక్కన చోటిచ్చింది.

కాకి ఎగిరి యజమాని ఇంటి చూరు మీద వాలింది. "అయ్యా, మన పాకలో ఒక్క ఎద్దుకీ బాధ లేదు!"

ఇన్నేళ్లలో కాకి ఆయన చెవిన వేసిన మాట అదొక్కటే.