మధ్య గట్టు

బైబిలు మీద చెయ్యి పెట్టినవాడు అబద్ధం చెబుతాడా? తొమ్మిదేళ్లుగా బుల్లయ్యకు ఈ సందేహం తీరలేదు.

తొమ్మిదేళ్ల కిందట వానలకు పక్క చేను దానయ్య మొక్కజొన్న మునిగింది. తెల్లారి చూస్తే రెండు చేల మధ్య గట్టుకు గండి. నీళ్లన్నీ బుల్లయ్య చేలోంచి వాగులోకి దిగిపోయాయి. పోతూ పోతూ అతని మొలకలు నాలుగు సాళ్లు ఊడ్చుకుపోయాయి. "నేను కొట్టలేదు" అని దానయ్య బైబిలు మీద ప్రమాణం చేశాడు. స్నేహం పోలేదు. అనుమానమూ పోలేదు.

ఈ ఏడు మునిగింది బుల్లయ్య చేను. రోడ్డు ఎత్తు పెంచాక వాగు దారి మూసుకుపోయింది. మురుగుకాలవ ఇప్పుడు దానయ్య చేను పక్కన ఉంది. రెండాకుల మొలక మూడు రోజులుగా నీళ్లలోనే ఉంది. ఇంకొక్క రోజు నిలిస్తే వేరు కుళ్లుతుంది. మళ్లీ విత్తుదామంటే అదను దాటింది.

గట్టు కొట్టనిమ్మని ఏ మొహంతో అడగాలి? బుల్లయ్య దేవుడికి దణ్ణం పెట్టుకుని లేచాడు. పార కోసం వెతికితే కనపడలేదు. వట్టి చేతులతోనే చేలోకి నడిచాడు.

దానయ్య అప్పటికే గట్టు మీద నిలబడి ఉన్నాడు. గట్టుకు గండి. నీళ్లు దానయ్య చేలోంచి కాలవలోకి గలగలా పోతున్నాయి.

"ఏరా, అడిగితే కాదంటానా? దొంగచాటుగా కొట్టాలా?"

"నేను కొట్టలేదురా. అడగడానికే వస్తున్నా. సింగరాయకొండ నరసింహస్వామి మీద ఒట్టు."

"ఓహో. నా బైబిలు నువ్వు నమ్మలేదు. నీ స్వామిని నేను నమ్మాలా?"

బుల్లయ్య గండి వైపు చూశాడు. తీసిన మట్టిపెళ్లలు గోడ కట్టినట్టు పేర్చి ఉన్నాయి. ఒక్కటి కూడా మొలకల మీద పడలేదు. ఆ ఏడూ అచ్చం ఇలాగే ఉంది.

దానయ్య కూడా చూశాడు. "సరేలే, నమ్మాను. నువ్వు తవ్వితే పంది కెళ్లగించినట్టు ఉంటుంది."

"నీ తవ్వకం మాత్రం తక్కువా?"

"ఆ గండి నాది కాదనేగా అప్పుడు ప్రమాణం చేసింది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అంతలో బుల్లయ్య భార్య వెంకటరావమ్మ టీ ఫ్లాస్కుతో వచ్చింది. దానయ్య భార్య అంకమ్మ కాలవ వైపు నుంచి వచ్చింది. మోకాళ్ల దాకా బురద. చేతిలో బుల్లయ్య ఇంటి పార.

అంకమ్మ మొగుడి వంక చూడనైనా చూడలేదు. పారను వెంకటరావమ్మ చేతికిచ్చింది.

"ఆ ఏడు మా కోసం నువ్వు మీ గట్టు కొట్టావు. ఈ ఏడు మీ కోసం నేను కొట్టా, నీలాగే పెళ్లలు పేర్చి మరీ. ఇక చెల్లుకు చెల్లు వదినా."