పట్టు వదిలే వేగం

నరేంద్ర ఇంజను స్టార్టు చేయబోతుంటే ఎవరో వచ్చి విమానం రెక్క పట్టుకున్నారు.

అరవై దాటిన ఆడమనిషి. నెరిసిన జుట్టు, భుజాన గుడ్డసంచి. ఊళ్లో ఎవరూ ఆమెను ఎరగరు.

గోరంట్ల దగ్గర వేరుశనగ పీకేసిన చేను అది. మోటారు మెకానిక్ నరేంద్ర సొంతంగా చేసుకున్న ఒంటి సీటు విమానం ఆ పొద్దు మొదటిసారి లేవాలి. చూడ్డానికి ఊరంతా గట్టు మీద చేరింది.

"నువ్వు కూర్చున్నాక, వేగం ఎంతకు తగ్గితే రెక్క గాలి మీద పట్టు వదుల్తాదో చూసినావా నాయనా?" అని అడిగిందామె.

గంటకు అరవై కిలోమీటర్లన్నాడు నరేంద్ర. తాను డెబ్బైలో లేపుతానన్నాడు.

"అరవై ఖాళీ విమానానికి. బరువు పెరిగితే ఆ వేగమూ పెరుగుతాది. రిజిస్ట్రేషన్‌కు పెట్టు, వాళ్లు తూకమేసి చెప్తారు. అంతవరకు ఎక్కొద్దు."

గట్టు మీద ఎవరో నవ్వారు. నరేంద్రకు తల కొట్టేసినట్టయింది.

అంతలో పోలీసు జీపు వచ్చింది. రిజిస్ట్రేషన్ లేని విమానం ఎగరేస్తున్నారని ఫిర్యాదు అందిందట. దాన్ని షెడ్డులోకి తోయించి, తాళం వేసి సీలు పెట్టారు.

నరేంద్ర ఆమె వైపు తిరిగాడు.

"ఒకడు పైకి పోతాంటే ఓర్చుకోలేవా? యా జన్మలో ఏం చేసినానమ్మా నీకు?"

ఫిర్యాదు చేసింది తాను కాదని ఆమె అనలేదు.

అతను ఆమె సంచి లాక్కుని రోడ్డు మీదికి విసిరాడు. ఆమె వంగి తీసుకుని, దుమ్ము దులుపుకుని, ఆ ఎండలోనే నడిచి పోయింది. కాసిన్ని నీళ్లు తాగి పొమ్మని ఒక్కరూ అనలేదు.

ఏడాది తర్వాత, అనుమతి పనిమీద వచ్చిన ఇంజినీరు నరేంద్రను సీట్లో కూర్చోబెట్టి, పెట్రోలు నింపించి, విమానాన్ని తూకం వేశాడు.

ఈ బరువుకు డెబ్బై అయిదు దగ్గరే రెక్క పట్టు వదిలేస్తుందన్నాడు. డెబ్బైలో లేపి ఉంటే లేచినట్టే లేచి కూలేదన్నాడు.

ఆ మధ్యాహ్నం నరేంద్ర అన్నం కంచం పక్కకు జరిపాడు. ఫిర్యాదు పెట్టి ప్రాణం నిలబెట్టిన మనిషిని కుక్కను తరిమినట్టు తరిమానని భార్య ప్రశాంతితో చెప్పుకున్నాడు.

ప్రశాంతి చేతిలో గరిటె కింద పెట్టింది.

"ఫిర్యాదు పెట్టింది ఆమె కాదు. నేను."

భయం పట్టలేక, కదిరిలో విమానాల సంగతి తెలిసిన ఉమాదేవమ్మ ఉందని విని, వెళ్లి కాళ్లు పట్టుకుని పిలుచుకొచ్చిందట. పోలీసులకు ఎవరు చెప్పారో బయటికి రానీయొద్దని, తిట్లేవో తాను పడతానని ఉమాదేవమ్మే అన్నదట.

నరేంద్ర మరునాడే కదిరి పోయాడు.

తలుపు తీసింది ఆమె చెల్లెలు ఆంజినమ్మ. అక్క పోయిన నెలలోనే కన్నుమూసిందని చెప్పింది.

 క్షమాపణ అడగడానికి వచ్చిన నరేంద్ర గడప బయటే నిలబడి, ఆమె విమానాలు నడిపేదా అని మాత్రం అడిగాడు.

ఆంజినమ్మ తల అడ్డంగా ఊపింది.

"లేదప్పా. తూకాలూ రిజిస్ట్రేషన్లూ ఎందుకులే నాయనా, ఎగురు పో అని, కన్నకొడుక్కు కుంకుమ పెట్టి, వాడు సొంతంగా చేసుకున్న విమానం ఎక్కించిన తల్లి."