ఫోన్లో జాగా లేదు

"ఇంకా జాగా కావాలంటాంది," అంది సూపర్‌వైజర్ రాధిక, మైమూన్ ఫోన్‌ను అరచేతిలో తట్టుకుంటూ. "ఏమేం దాపెట్టినావు మైమూన్ దీంట్లో?"

జమ్మలమడుగులో ఆ సందులోని అంగన్‌వాడీకి టీచర్ మైమూన్. హాజరు యాప్‌కు పొద్దున కొత్త అప్‌డేట్ వచ్చింది. ఫోన్ మైమూన్ సొంతది, రీచార్జి మైమూన్‌ది, దాంట్లో జాగా మాత్రం యాప్‌ది. పన్నెండు లోపల పిల్లల హాజరు ఎక్కకపోతే ఈ నెల సెంటర్‌కు గుడ్లు రావు. చాపల మీద కూర్చున్న పిల్లలకు ఆ సంగతి తెలియదు. గోడ మీది ఏనుగు బొమ్మకు ఏం పేరు పెట్టాలా అని కొట్లాడుకుంటున్నారు.

"చూడు, వెనకాల ఎన్ని నడుస్తాండాయో. కంటికి కనపడవు గానీ మెమరీ అంతా ఇవే తింటాయి." రాధిక ఒక్కో యాప్‌నూ పైకి తోసి మూసేసింది. ఫోన్ కాస్త చురుగ్గా కదిలింది గానీ జాగా పెరగలేదు. క్యాష్ మెమరీ తుడిచింది. వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్ పూలన్నీ ఏరిపారేసింది. అయినా చాలలేదు.

"గ్యాలరీలో ఒక వీడియో ఉండాది. శానా పెద్దది. అదొక్కటి తీసేస్తే సరిపోతాది."

"దాన్ని ముట్టుకోవద్దండి మేడమ్."

పొయ్యి దగ్గర పప్పు కలుపుతున్న ఆయా యశోదమ్మ తల తిప్పకుండానే చెప్పింది. "అది జువేరియాది మేడమ్."

రాధిక వేలు ఆగిపోయింది. జువేరియా మైమూన్ కూతురు. ఈ చాపల మీదే కూర్చునేది. పోయిన నెల జ్వరమొచ్చి చనిపోయింది. మట్టి చేసిన నాడు రాధిక కూడా వచ్చి, మైమూన్ పక్కన కూర్చుని పోయింది.

"వేరే ఫోటోలు ఉంటాయి గదా?"

"పోయిన అప్‌డేట్‌కు అన్నీ తీసేసినా. అప్పుడు బిడ్డ కండ్ల ముందరే ఉండాది గదా మేడమ్, మళ్లీ తీసుకుందాంలే అనుకుంటి. ఇదొక్కటే మిగిలింది."

"సరే, దీన్ని నాకు పంపు. నా ఫోన్లో పెట్టుకుంటా."

పంపింది. ఆ సందులో సిగ్నల్ ఒక్క గీతే. వీడియో మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగిపోయింది. మళ్లీ పంపింది. మళ్లీ అదే.

"ఇంట్లో ఇంకో ఫోన్ లేదా?"

"మా ఆయనది బటన్ ఫోన్." మైమూన్ గొంతు తగ్గించింది. "సాయంత్రం దాంక ఆగండి మేడమ్. ప్రొద్దుటూరుకు పోయి మెమరీ కార్డులోకి ఎక్కించుకొస్తా."

"నేను ఆగుతా. యాప్ ఆగతాదా? నా కింద సెంటర్లన్నీ ఎక్కేసినాయి, మీదొక్కటే ఎర్రగా కనపడతాంది పైనోళ్లకు."

"ఆ యాప్ చేసినోడికి బిడ్డల్లేరేమో," అంది యశోదమ్మ. "గరిటె ఇచ్చి ఈడ కూసోబెట్టాల వాణ్ని."

చాప మీద నుంచి నందిని లేచి వచ్చి మైమూన్ కొంగు పట్టుకుంది. "టీచర్, ఈపొద్దు గుడ్డు ఏస్తారా?"

మైమూన్ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. ఇంకో చేత్తో వీడియో నొక్కింది.

ఫోన్ నిండా జువేరియా మొహం. హాజరుకు రోజూ యాప్ ముందు పిల్లలంతా కళ్లు ఆర్పాలి, ఆర్పితే పచ్చ టిక్కు పడుతుంది. జువేరియాకు అదొక ఆట. ఇంట్లో కూడా అమ్మ ఫోన్ లాక్కుని మొహానికి ఆనించుకునేది. "అమ్మీ, చూడు, ఆర్పినా. మళ్లీ ఆర్పినా. పచ్చగా వచ్చిందా? అమ్మీ, వచ్చిందా?"

వీడియో అయిపోయింది. మైమూన్ దాన్ని తీసేసింది.

"ఇంకా జాగా లేదనే అంటాంది మేడమ్."

రాధిక గొంతు సవరించుకుంది. "తీసేసినా గానీ ట్రాష్‌లో ఉంటాది మైమూన్. ఆడ కూడా తీసేయాల."

"ఎన్నిసార్లు మేడమ్ తీసేది?"

రాధిక ఫోన్ తీసుకుందామని చెయ్యి చాపింది. మైమూన్ ఇవ్వలేదు. నా బిడ్డను నేనే తీసేస్తా అన్నట్టు, తన వేలితోనే నొక్కింది. యశోదమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్‌డేట్ ఎక్కింది. యాప్ తెరుచుకుంది, పిల్లల పేర్లన్నీ పైనుంచి మళ్లీ కొత్తగా దిగినాయి. ముందు టీచర్ మొహం. కళ్లు ఆర్పండి అంది. మైమూన్ ఆర్పింది. నిండి ఉన్న నీళ్లు చెంపల మీదికి జారినాయి. యాప్‌కు నీళ్లతో పనిలేదు, పచ్చ టిక్కు పెట్టింది.

తర్వాత పిల్లలు. నందిని రెండు కళ్లూ గట్టిగా మూసి తెరవడం మర్చిపోయింది. యశ్వంత్ ఒక కన్ను మూస్తే రెండోది కూడా మూసుకుపోయి, అందరూ పకపకా నవ్వినారు. ఒక్కొక్కరికే పచ్చ టిక్కు. చాపల చివర కూర్చున్న ఆఖరి పిల్లాడి దాకా అందరికీ పచ్చ టిక్కు.

"అయిపోయింది. ఇంక గుడ్లకు భయం లేదు." రాధిక ఊపిరి వదిలింది. "సబ్మిట్ నొక్కు."

మైమూన్ నొక్కింది. పోలేదు. ఇంకొక పేరు మిగిలి ఉందని అడుగున ఎర్రగా చూపించింది. ఎవర్ని మరిచినానబ్బా అని చాపల వైపు ఒకసారి చూసి, దాని మీద వేలు పెట్టింది.

"జువేరియా, నాలుగేళ్లు. పాపను కెమెరా ముందు కూర్చోబెట్టండి. కళ్లు ఆర్పమని చెప్పండి."