జుంగు వాళ్ల పెరుగు

"ఇంత పెరుగు పోస్తావా తల్లీ?"

కంచె దగ్గర టోపీ చేత్తో పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

మొక్కజొన్నలు దంచుతున్న దుదూజిలే రోకలి ఆపింది. ఇంట్లో ఎవరూ లేరు. నానమ్మ కళ్లు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లింది.

సొరబుర్రలో తోడుకున్న పెరుగు సొంత ఇంటిపేరు వాళ్లకే పోస్తారు. దారిన పోయేవాడు అడగడమేమిటి?

"ఏ ఇంటివాడివి తాతా?"

"గుర్తింపు కార్డులో జిబూసే అని ఉంది."

"కార్డు సంగతి ఎవరికి కావాలి? నువ్వేమంటావు?"

"గనిలో గుమాస్తా ఎవరి కొడుకువని అడిగి, విన్నదే ఇంటిపేరుగా రాశాడు. నలభై ఏళ్లు అలాగే పిలిచారు. నేనూ పలకడం నేర్చుకున్నాను."

"జిబూసే వాళ్లకు మా జుంగు వాళ్ల పెరుగు అరగదు తాతా. మంచినీళ్లు తాగు."

ఆయన నవ్వాడు. మగ్గు ఖాళీ చేసి తిరిగి ఇస్తూ, "మంజీని," అన్నాడు.

దుదూజిలే చెయ్యి ఆగింది.

మంజీని అంటే నీళ్లలోవాళ్లు. జుంగు వంశాన్ని పొగిడేటప్పుడు ముందు వచ్చే పేరు. పొద్దున్నే టీ అందిస్తే నాన్న అలాగే పిలిచేవాడు. దాని వెనకాలే తాతముత్తాతల పేర్లన్నీ పాటలా సాగేవి. టీ చల్లారిపోతోందని విసుక్కునేదే తప్ప, ఒక్క పేరూ పట్టుకోలేదు. నాన్న పోయాక ఆ పిలుపూ పోయింది.

"శనివారం నా పెళ్లి," అంది, ఎందుకు చెబుతోందో తెలియకుండానే.

"పశువుల దొడ్డిలో నిలబడి, పోయిన పెద్దలను పేరుపేరునా పిలిచి చెప్పేదెవరు?"

"మా ఇంట మగవాళ్లు మిగల్లేదు. సిబీయా తాత చెబుతానన్నాడు, మా తాత స్నేహితుడు."

"మీ పెద్దల పేర్లు ఆయనకు వచ్చా?"

"తన మనవల పేర్లే తడుముకుంటాడు."

ముసలాయన సొరబుర్ర వైపు చూశాడు. ఇంకోసారి అడగకుండానే కదిలాడు.

వెళుతూ పశువుల దొడ్డి వాకిట్లో ఆగి, టోపీ గుండెకు ఆనించుకుని చాలాసేపు పాటలా గొణిగాడు. ఆవులతో మాట్లాడుతున్నాడనుకుని ఆమె మళ్లీ రోకలి అందుకుంది. తలెత్తేసరికి బస్సు రేపిన ఎర్రదుమ్ము మాత్రమే ఉంది.

శనివారం పెళ్లికూతుర్ని దొడ్డిలో నిలబెట్టారు.

"జుంగు... మంజీని..." అని సిబీయా తాత ఆగిపోయాడు.

ఎవరో దగ్గారు. ఎవరో నవ్వారు.

"ఈ పిల్ల ముత్తాత పేరు ఒక్కటి అందించండి, అల్లుకుపోతాను," అన్నాడాయన.

అందరూ నానమ్మ వైపు చూశారు.

"మామగారి పేరు నా నోట చెప్పిస్తావా?" అంది నానమ్మ. "కోడలిగా వచ్చి యాభై ఏళ్లయింది, ఒక్కనాడూ పలకలేదు. గనిలో పనికని పోయిన నా మరిది తిరిగొస్తే ఈ పాట్లెందుకు?"

"పెళ్లి ఆగిపోతుంది మరి."

నానమ్మ శాలువా నోటికి అడ్డం పెట్టుకుని, మనవరాలి చెవి దగ్గరకు వంగి, ఆ పేరు ఊపిరితోనే చెప్పింది.

"జిబూసే."