కిల్లర్ ఆంటీ కొడుకు

"మీ అమ్మను కాలనీల అందరూ కిల్లర్ ఆంటీ అంటరంట. నిజమేనా?"

ఉప్పల్‌లో తమ ఇంటికి పెళ్లిచూపులకొచ్చిన రంజిత్‌ను బాల్కనీలోకి తీసుకెళ్లి త్రివేణి అడిగిన మొదటి మాట ఇది. అతని కప్పులో టీ చొక్కా మీదికి ఒలికింది.

"మా మేనత్తది మీ నాచారమే. మీ అమ్మ ఇప్పటికే మూడు సంబంధాలు చెడగొట్టిందని చెప్పింది."

పిల్ల గడుసుదే. కానీ ఏం లాభం? అబ్బాయి చూడగానే నచ్చేశాడు. చెడిపోయే నాలుగో సంబంధం తనదే అవుతుందేమోనని లోపల ఒకటే గుబులు.

రంజిత్ చొక్కా దులుపుకున్నాడు. "కిల్లర్ వేల్ గురించి ఇన్నరా?"

"సినిమానా?"

"కాదండీ, సముద్రంల ఉంటది. పేరుకే వేల్, అంటే తిమింగలం. నిజానికి డాల్ఫిన్ జాతి. తిమింగలాలను వేటాడుతుంటే సూసి, ఎనకట ఓడలల్ల తిరిగేటోళ్లు తిమింగలాల కిల్లర్ అన్నరు. రాను రాను ఆ పేరు తిరగబడి కిల్లర్ వేల్ అయింది. పాపం, సముద్రంల అది మనిషిని సంపిన దాఖలానే లేదు. మా అమ్మ గూడ గంతే."

త్రివేణికి నవ్వొచ్చింది. తల్లిని ఇంత ముద్దుగా వెనకేసుకొచ్చేవాడు దొరకొద్దూ!

"ఇంకేం జేస్తది ఆ చేప?"

"చేప గాదండీ! కొడుకు లారీ అంత పెరిగినా తల్లిని ఇడిసిపెట్టడు. తల్లి తనకు దొరికిన చేపల సగం కొడుక్కే పెడ్తది." రంజిత్‌కు ఉత్సాహం ఆగలేదు. "మా అమ్మ ఇప్పటికీ నాకు ముద్దలు కలిపి పెడ్తది. ఆదివారం తలంటుతది."

త్రివేణి నవ్వు కాస్తా ఎగిరిపోయింది. "పెళ్లయినంక మనం వేరే ఉందామంటే?"

"అమ్మో! నేను లేకుంటే మా అమ్మ పాణం ఇడుస్తది."

ఇతనితో మాట్లాడి లాభం లేదనుకుని త్రివేణి గబగబా లోపలికి నడిచింది. "జర ఆగండి" అంటూ రంజిత్ వెంటపడ్డాడు. ఆమె ఆగలేదు. హాల్లో అందరి ముందూ అతని తల్లి సారలమ్మనే అడిగేసింది.

"ఆంటీ, పెళ్లయినంక మేం వేరే ఇంట్ల ఉంటం. మీకు ఇష్టమేనా?"

ఇది కూడా పోయినట్టేనని రంజిత్ తల పట్టుకున్నాడు. సారలమ్మ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. లేచి వచ్చి త్రివేణి రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"నువ్వే నా కోడలివి బిడ్డా! ఆ ముగ్గురు పోరిలూ అందరం కలిసే ఉందమన్నరు. గందుకే వద్దన్న."